ఓడిన ఆటను చూడలేని కళ్లు

చదరంగం విషయంలో ధర్మశాస్త్రవేత్తల మధ్య అభిప్రాయభేదం ఉన్న సంగతి పాఠకులకు తెలియనిది కాదు. హనఫీ పండితులు దానిని మక్రూహ్‌గా పరిగణించారు. పందెం లేకుండా, నమాజు తప్పకుండా, దుర్భాషలకు తావివ్వకుండా ఆడితే షాఫయీ పండితులలో పలువురు నిషేధించలేదు. ఆ చర్చను మేమిక్కడ పొడిగించడం లేదు. ఆడే పిల్లలు మన ఇళ్లలో ఉన్నారు. వారి తల్లిదండ్రులు మమ్మల్ని అడిగేది వేరు: "మౌలానా సాబ్, మావాడు రెండేళ్లుగా ఆడుతూనే ఉన్నాడు. ఎక్కడివాడు అక్కడే ఉన్నాడేమిటి?"

ఆ పిల్లవాడు ఓడిన మరుక్షణం ఏం చేస్తాడో గమనించండి. ఫోనులో మూడు నిమిషాల ఆట ముగిసిందో లేదో, వేలు తదుపరి ఆట మీదికి పోతుంది. ఓటమి చేదు నాలుక మీద నిలవకముందే దానిని మరో గెలుపుతో కడిగేసుకోవాలన్న ఆత్రం అది. అలా ఒక్క కూర్చోటులో ఇరవై ఆటలు సాగుతాయి, ఒక్కటీ గుర్తుండదు. అడిగితే సమయం చాలలేదంటాడు, అవతలివాడికి కలిసొచ్చిందంటాడు. ఇక ఎదుటివాడు చూడడులే అన్న ఆశతో ఎత్తు వేయడం మరో జాడ్యం. బలహీనుల మీద అది ఫలిస్తుంది కనుక వారినే వెతుక్కుంటాడు.

పొగడ్త ఈ ఆటలో ఎవరినీ కాపాడదు. బగ్దాదులో అబ్బాసీ ఖలీఫా ముక్తఫీ కొలువులో మావర్దీ అనే ఆటగాడు ఉండేవాడు. అస్సూలీతో పోటీ పెట్టినప్పుడు ఖలీఫా బాహాటంగా అతని పక్షమే వహించాడని చరిత్రకారుడు మస్ఊదీ రాశాడు. అయినా అస్సూలీ చేతిలో మావర్దీ చిత్తుగా ఓడిపోయాడు. ఆ అస్సూలీ కేవలం ఆడినవాడు కాడు. తనకు ముందటి మేటి ఆటగాడైన అల్‌అద్లీ గ్రంథాన్ని పరిశీలించి, అందులోని లోపాలను ఎత్తిచూపినవాడు. రెండు షాలు, రెండు ఫర్జీన్‌లు, మొత్తం నాలుగే పావులతో అతడు కూర్చిన ఒక సమస్యను 20వ శతాబ్దంలో సోవియట్ గ్రాండ్‌మాస్టర్ అవెర్బాఖ్ విప్పవలసివచ్చింది. మన పిల్లలేమో నాలుగు పావులు మిగిలిన ఆటను విసుగని వదిలేసి, ఆట ఆరంభంలో వేసే ఎత్తుగడలనే కంఠస్థం చేస్తారు.

హిఫ్జ్ తరగతిలో ఈ స్వభావం మాకు చిరపరిచితం. కొత్త సబఖ్ అప్పజెప్పడానికి ఉరుకుతూ వచ్చే విద్యార్థి, ఆమూఖ్తా అనగానే తల దించుకుంటాడు. పాత పాఠంలో తడబడే చోట్లు బయటపడతాయి కదా! ఒకే రీతిగా ఉండే ఆయతుల వద్ద ఎక్కడ దారి తప్పుతున్నాడో గుర్తు పెట్టుకున్నవాడే హాఫిజ్ అవుతాడు. తప్పిన చోటును గబగబా దాటేసినవాడు మరుసటి రోజూ అక్కడే తప్పుతాడు. అన్నట్టు, ఇటువంటివారిలో చాలామంది చురుకైన పిల్లలే. చురుకుదనమే వారికి అడ్డంకి. మొదటి ఏడాది శ్రమ లేకుండా వచ్చిన మెప్పును పోగొట్టుకోవడానికి మనసొప్పదు.

తండ్రులు కూడా ఇంటికి రాగానే "గెలిచావా?" అని అడగడం మానాలి. "ఏ ఎత్తు దగ్గర తప్పింది?" అని అడగాలి. ఓడిన ఆటను నోటు పుస్తకంలో ఎత్తు ఎత్తుగా రాయించండి. తప్పును కంప్యూటరు చూపకముందే తానే వెతకాలి. దొరకకపోతే మరునాడు మళ్లీ చూడాలి. వారానికి అటువంటి ఆటలు రెండు చాలు. మగ్రిబ్ అజాన్ వినబడగానే పుస్తకం మూసేయవచ్చు. రాసిన ఆట ఎక్కడికీ పోదు.