పాత ఆంప్లిఫయరును పారవేయకుడు

గత కొన్ని మాసములుగా మన సంఘ సభ్యులు పలువురు మమ్ము ఒకే ప్రశ్న అడుగుచున్నారు. క్రొత్త టెలివిజను కొనుటకు అంగడికి పోయినచో, "మీ యింటిలోని ఆంప్లిఫయరునకు కాలము చెల్లినది, అనలాగ్ పోయినది, ఇక అంతయు డిజిటలే" అని చెప్పుచున్నారట. పాతదానిని తీసివేయవలెనా, ఉంచుకొనవలెనా? మేము చింతపండు వర్తకులమే గాని యంత్రములు తెలిసిన పండితులము కాము. ఐనను అట్టి మాటను నమ్మి ఒకసారి చేయి కాల్చుకొన్నవారము గనుక, తెలిసికొన్నంత వ్రాయుచున్నాము.

ఈ సంగతి మన పత్రికలో ఏల యని కొందఱనవచ్చును. 2006లో వచ్చిన తమిళ అభ్యాస చట్టము ఒకటవ తరగతితో మొదలై, ఏటేటా ఒక మెట్టెక్కి, 2015–16 నాటికి పదవ తరగతిని చేరినది. మన పిల్లలు తమిళము నేర్చుట మంచిదే. ఈ ధర్మపురిలో వర్తకము చేయువాడెవడును దానిని కాదనజాలడు. కాని మా యెఱుకలోని పిల్లలకు తెలుగు కంటితో గాక చెవితోనే అందుచున్నది. 1938 జూన్ 16న ఆరంభమైన మద్రాసు రేడియో కేంద్రపు తెలుగు కార్యక్రమములను మన పెద్దలు విన్నారు. తరువాత ఘంటసాలవారి భగవద్గీతయు, ఎం.ఎస్. సుబ్బులక్ష్మిగారు పాడిన అన్నమయ్య కీర్తనలును కాసెట్ల రూపమున ఇంటింటికి వచ్చినవి. బడిలో దొరకని భాష ఇంటిలో పాటయై నిలిచినది. కావున పాట వినిపించు పెట్టె మనకు కేవలము వినోదము కాదు.

ఇక విషయమునకు వత్తము. అనలాగ్ తీగలో విద్యుత్తు పాట యొక్క అలను పోలి హెచ్చుతగ్గులగుచు పారును. డిజిటల్ తీగలో ఆ అలను కొలిచిన అంకెలు మాత్రమే పోవును. 1982లో సోనీ, ఫిలిప్స్ కంపెనీలు విపణికి తెచ్చిన సీడీలో సెకనునకు 44,100 మారులు అలను కొలిచి వ్రాసినారు. ముగ్గును చూచి ముగ్గు వేసినచో పదవ చేతికి వంకరలు వచ్చును. చిట్టాలోని పద్దును ఆవర్జాలోనికి ఎత్తినచో, గుమాస్తా నిద్రపోకున్నంత వఱకు, పదవ ప్రతిలోను అంకె అంకెయే. డిజిటల్ తీగ గుణ మిదియే. అంకెలు చేరినచో పాట సరిగా వచ్చును, చేరనిచో తెగిపోవును లేదా టపటపమనును. నడుమ మాధుర్యభేదము లేదు. బంగారు పూత పూసిన డిజిటల్ కేబులునకు వేలు పోయుట వ్యర్థము.

అయితే మన చెవికి అంకెలు వినబడవు. స్పీకరును కదలించుటకు అవి ఎచ్చటనో ఒకచోట మరల అల కావలెను. కనుక అనలాగా డిజిటలా యని తర్కించుటకంటె, ఆ మార్పు ఏ పెట్టెలో జరుగవలెను, ఎన్ని మారులు జరుగవలెను అని అడుగుట మేలు. మంచి పెట్టెలో, ఒక్కమాఱు జరిగిన చాలును.

మా అనుభవము చెప్పెదము. నాయనగారు కొన్న ఆంప్లిఫయరు వెనుక ఎఱ్ఱ తెల్ల రంధ్రములు మాత్రమే కలవు. అమెరికాలోని రేడియో కార్పొరేషన్ పేరున వీనిని ఆర్.సీ.ఏ. యందురు. మేము కొన్న టెలివిజనులో అవి లేవు, హెచ్.డి.ఎమ్.ఐ.యు, ఆప్టికల్ అను చిన్న చదరపు రంధ్రమును, హెడ్‌ఫోను రంధ్రమును ఉన్నవి. అంగడివారు మెఱుగు కేబులొకటి అంటగట్టిరి. దానిని దూర్చుటకు ఆంప్లిఫయరులో చోటే లేదు! హెడ్‌ఫోను రంధ్రమునుండి తీగ వేయగా పాటతో పాటు తుమ్మెద రొదవంటి ధ్వని వచ్చెను. టెలివిజను యాంటెన్నా తీగయు ఆంప్లిఫయరు ప్లగ్గును రెండు వేఱు చోట్ల భూమికి తగులుటచే, ఇంటి కరెంటు యొక్క 50 హెర్ట్జుల కంపము ఆ తీగలో చొరబడినదట. తుదకు రేడియోలు బాగుచేయు కుఱ్ఱవాడొకడు వెయ్యి రూపాయలలోపు ఖరీదుగల చిన్న పెట్టె తెచ్చి, ఆప్టికల్ రంధ్రమునుండి దానికిని, దానినుండి ఎఱ్ఱ తెల్ల తీగలతో ఆంప్లిఫయరునకును కలిపెను. 1983లో తోషిబావారు తెచ్చిన ఆ తీగలో పోవునది వెలుగు, విద్యుత్తు కాదు. అందుచే రొద ఆ క్షణమే ఆగినది.

కాని మొదట పాటయు రాలేదు! టెలివిజను డాల్బీ రూపమున పంపుచుండగా ఆ చిన్న పెట్టెకు అది అర్థము కాలేదు. సెట్టింగులలో ఆడియోను పీ.సీ.ఎం. అని మార్చగా పలికినది. మఱియు, ధ్వని హెచ్చించుటకు ఇక టెలివిజను రిమోటు పనిచేయదు, లేచి ఆంప్లిఫయరు మీట త్రిప్పవలెను. నాయనగారికి ఇది నేటికిని నచ్చలేదు. క్రొత్తగా ఆంప్లిఫయరు కొనువారు 2009నుండి వచ్చుచున్న ఏ.ఆర్.సీ. గుర్తుగల హెచ్.డి.ఎమ్.ఐ. రంధ్రము రెండు పెట్టెలకును ఉన్నదేమో చూచుకొనిన, ఈ యిబ్బంది యుండదు.

డిజిటల్‌గా పుట్టినదానిని డిజిటల్‌గా తెచ్చుట సరియే. కాని కాసెట్టు, గ్రామఫోను రికార్డు అట్లు పుట్టినవి కావు. వానికి ఎఱ్ఱ తెల్ల తీగలే దారి. రికార్డు ప్లేయరునకు ఫోనో అను ప్రత్యేక రంధ్రము గాని, ప్రీఆంప్లిఫయరు గాని వలెను. సాధారణ రంధ్రములో పెట్టినచో పాట పీలగా, బలహీనముగా వచ్చును. పలు సౌండ్‌బార్లలో ఈ రంధ్రములు లేవు. కొనుటకు ముందు పెట్టెను వెనుకకు త్రిప్పి చూడుడు. అంగడివారు విసుగుకొన్నను సరే. రికార్డుల ధ్వనియే మధురము, డిజిటల్ నిర్జీవము అని మన పెద్దలు కొందఱు వాదించుట కలదు. వారితో మేము ఏకీభవింపము. కాసెట్టు బుసను మాధుర్యమనుట మమకారమే.

మా చేయి కాలినది కాసెట్టు విషయమున. అనలాగ్ పోయినదను మాట నమ్మి టేపుడెక్కును మార్పిడిలో ఇచ్చివేసితిమి. ఆంప్లిఫయరును వారు తీసికొననందున మిగిలినది. పిదప బీరువాలో ఒక కాసెట్టు కనబడెను. 1991లో మా యింటి పెండ్లిలో మా అవ్వ పాడిన నలుగు పాటలు అందున్నవి. అవ్వ ఇప్పుడు లేదు. ఆ పాటలు ఏ అంగడిలోను, ఏ ఫోనులోను దొరకవు, ఆ పాఠము మఱి యెవరికిని రాదు. మా కడ కాసెట్టున్నది, వినిపించు యంత్రము లేదు.

మూడు వారముల వెదకులాట తరువాత పెన్నాగరపు బంధువులయింట పనిచేయు డెక్కు దొరకినది. దాని లైను అవుటునుండి ఎఱ్ఱ తెల్ల తీగలను కంప్యూటరునకు కలిపి, అలను అంకెలుగా మార్చితిమి. మైకు రంధ్రములో పెట్టరాదు, ధ్వని పగిలిపోవును. లైను రంధ్రము లేని ల్యాప్‌టాపునకు యూ.ఎస్.బీ. పెట్టె దొరకును. ఎం.పీ.3గా కుదింపక వేవ్ ఫైలుగా ఉంచి, రెండు వేఱు చోట్ల ప్రతులు దాచవలెను. టేపు మీది పూత ఏండ్లు గడచిన కొలది చెడును, డెక్కులలోని రబ్బరు బెల్టులు జిగటయగును. ఈ పని వచ్చే యేటికి వాయిదా వేయదగినది కాదు. మా కాసెట్టులో రెండవ పాట నడుమ టేపు నలిగి కొన్ని మాటలు పోయినవి.

బంధువులు ఆ డెక్కును కొంతకాలము సంఘమునకు ఇచ్చుటకు సమ్మతించినారు. ఆదివారము సాయంకాలము సంఘ కార్యాలయమున అది యుండును. ఇంటిలో పాడిన పాటలు, హారతులు, పెండ్లి టేపులు గలవారు తెచ్చినచో మా కుఱ్ఱవాడు ఎక్కించి ఇచ్చును. కాసెట్టుమీద పాడినవారి పేరు, ఊరు, ఏడు వ్రాసి తెండు. సినిమా పాటల కాసెట్లు వలదు.