గ్యాస్ అని రాసి పంపితే ఇక ఊరుకోవద్దు



పోస్టు పెద్దగా ఉంటది. ఓపిక చేసుకుని చివరిదాకా చదవండి. హాస్టల్లో ఉన్న చిన్నోళ్లకు చదివి వినిపించండి.

మన ఏజెన్సీలో కడుపు నొప్పి అని దవాఖానకు పోయినోళ్లు ఏ మాట రాయించుకుని వచ్చారో ఒకసారి గుర్తు చేసుకోండి. గ్యాస్. పదేళ్ల పిల్లకూ గ్యాసే, మిర్చి ఏరే తల్లికీ గ్యాసే, మూడు నెలల్లో సగం బరువు తగ్గిన తాతకూ గ్యాసే. నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. ఏమీ అడగకుండా, ఏ పరీక్షా చేయకుండా ఆ మాట రాశారంటే మన కేసు అక్కడికి మూసేసినట్టే. నొప్పి ఎందుకు వస్తుందో తెలుసుకోవడం మన హక్కు. అది అడిగి తీసుకోవాలి.

నా సంగతి చెప్తాను. జాలి పడమని కాదు, సాక్ష్యంగా చెప్తున్నా. నాకు ఇరవై ఏళ్లు. మాది దుమ్ముగూడెం, చర్ల వైపు అడవి అంచున ఒక గూడెం. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటిదాన్ని నేనే. ఎనిమిదో తరగతి నుంచి, అంటే ఏడేళ్లుగా, బొడ్డుకు కొంచెం పైన ఎడమ పక్క నొప్పి వస్తది. నెలకు ఒకసారి, ఒక్కోసారి రెండుసార్లు. వచ్చిందంటే మోకాళ్లు కడుపుకు ఆనించుకుని పడుకోవడమే. ఒక పూటలో పోవచ్చు, రెండు రోజులు ఉండొచ్చు.

ఈ ఏడేళ్లలో దానికి పెట్టిన పేర్లు వినండి. ఆశ్రమ పాఠశాలలో "ఇంటికి పోవడానికి నాటకం". ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర "వేడి చేసింది", ఒక సూది, ఒక సెలైన్. మా నాయనమ్మ లెక్కలో "గాలి సోకింది", వడ్డెను పిలిచి కోడిని కోయించింది. ఒక దవాఖానలో "గ్యాస్". ఇంకో దవాఖానలో "నులిపురుగులు". మూడో చోట స్కానింగ్ తీసి "అంతా నార్మల్, టెన్షన్ తగ్గించుకో". మా పెద్దమ్మ అయితే "పెళ్లయితే అదే పోతది" అని తేల్చేసింది. ఆ స్కానింగ్‌కు మా నాయన కట్టింది తునికాకు డబ్బులు.

ఇన్ని పేర్లు పెట్టారు గాని నన్ను కూర్చోబెట్టి, ఎప్పటి నుంచి, ఎంతసేపు, తింటే పెరుగుతదా తగ్గుతదా, నెలసరితో పాటు వస్తదా, ఇంట్లో ఇంకెవరికన్నా ఉందా అని అడిగినోళ్లు ఒక్కరూ లేరు. నొప్పి రావడం ఎవరి తప్పూ కాదు. అడగకపోవడం మాత్రం తప్పే.

గ్యాస్ గోలీ ఏం చేస్తదో చూద్దాం. కడుపులో ఆమ్లాన్ని తగ్గిస్తది. ఆమ్లం వల్ల వచ్చిన మంట అయితే తగ్గుతది, దాని పనికి అది మంచి మందే. కానీ పేగుల్లో టీబీ ఉంటే అది పనికిరాదు. పిత్తాశయంలో రాళ్లను కదిలించదు. అపెండిక్స్ వాపును ఆపదు. రక్తనాళంలో రక్త కణాలు ఇరుక్కుని వచ్చే నొప్పికి దానితో సంబంధమే లేదు. పైగా ఆర్‌ఎంపీ ఇచ్చే నొప్పి సూదులు, నొప్పి గోలీలు మాటిమాటికీ వాడితే కడుపులో పుండ్లు పడతాయి, కిడ్నీల మీద దెబ్బ పడతది. నొప్పికని వేసుకున్నదే కొత్త నొప్పి తెస్తది.

రక్త కణాలు ఇరుక్కోవడం అన్నాను గదా. అదే సికిల్ సెల్. మన పిల్లలు ముందుగా తెలుసుకోవాల్సిన రోగం ఇది. గుండ్రంగా ఉండాల్సిన ఎర్ర రక్త కణం కొడవలిలా వంగిపోతది. వంగిన కణాలు సన్నని రక్తనాళాల్లో అడ్డం పడతాయి. ఎక్కడ అడ్డం పడితే అక్కడ నొప్పి. కాళ్లు, చేతులు, నడుము, ఛాతీ, కడుపు. ప్లీహం ఉబ్బొచ్చు. ఎర్ర కణాలు తొందరగా చితికిపోతాయి కాబట్టి పిత్తాశయంలో రాళ్లు కూడా వస్తాయి. ఈ జన్యువు ఒక్కటే మోస్తున్నోళ్లకు మలేరియా నుంచి కొంత రక్షణ ఉంటది, అందుకే మలేరియా ఎక్కువ ఉన్న అడవి ప్రాంతాల్లో తరతరాలుగా నిలిచిపోయింది. మన రక్తంలో అది ఉండడం శాపమూ కాదు, సిగ్గుపడే సంగతీ కాదు.

దీని కథ వినండి. 1904లో అమెరికాలో చికాగోలో ఒక విద్యార్థి ఆసుపత్రిలో చేరాడు. పేరు వాల్టర్ క్లెమెంట్ నోయెల్. గ్రెనడా దీవి నుంచి పళ్ల డాక్టర్ చదువుకు వచ్చిన నల్లజాతి పిల్లవాడు. వయసు ఇరవై, సరిగ్గా నా వయసు. ఎర్నెస్ట్ ఐరన్స్ అనే జూనియర్ డాక్టర్ అతని రక్తాన్ని మైక్రోస్కోపు కింద పెట్టి చూశాడు. కొడవలి ఆకారంలో కణాలు కనిపించాయి. అతని పై డాక్టర్ జేమ్స్ హెరిక్. ఇద్దరూ కలిసి ఆ విద్యార్థిని రెండేళ్లకు పైగా చూసుకుంటూ వచ్చారు. 1910లో హెరిక్ దాన్ని అచ్చు వేయించాడు. లోకానికి ఆ రోగం గురించి తెలిసింది అట్లా. అంత పెద్ద కనుగోలు మొదలైంది ఒక రక్తపు చుక్కతో, "మళ్లీ రా, చూస్తాం" అన్న మాటతో.

మన దేశానికి రండి. 1952లో నీలగిరి కొండల ఆదివాసుల్లో ఈ కణాలు ఉన్నాయని లేమన్, కట్‌బుష్ అనే పరిశోధకులు రాశారు. దేశం మొత్తానికి సికిల్ సెల్ నిర్మూలన మిషన్ ఒకటి మొదలైంది 2023 జులై 1న, మధ్యప్రదేశ్‌లోని షాడోల్‌లో. లెక్క వేయండి, 71 ఏళ్లు. మన తాతల కాలం, మన అమ్మానాన్నల కాలం అందులోనే గడిచిపోయింది. ఈ మిషన్ 17 రాష్ట్రాల్లో 40 ఏళ్ల లోపు 7 కోట్ల మందికి పరీక్ష చేయాలని పెట్టుకుంది. తెలంగాణ, ఆంధ్ర, ఛత్తీస్‌గఢ్ మూడూ అందులో ఉన్నాయి. అంటే మన అడవికి మూడు పక్కలా ఉంది. మరి మీ చేతిలో మీ రిపోర్టు కాగితం ఉందా? రక్తం తీసుకుపోయి ఫలితం చెప్పకపోతే, కార్డు ఇవ్వకపోతే, అది వాళ్ల లెక్కకు పనికొచ్చింది గాని మన ఒంటికి ఏం పనికొచ్చింది?

ఇంకో మాట గుర్తుపెట్టుకోండి. మొదట చేసే చిన్న పరీక్షలో పాజిటివ్ వస్తే అది రోగమా, ఊరికే జన్యువు మోస్తున్నారా అనేది తేలదు. హెచ్‌పీఎల్‌సీ అనే రెండో పరీక్ష చేయాలి. మోసేవాళ్లకు మామూలుగా ఏ ఇబ్బందీ ఉండదు. కానీ మోసేవాళ్లిద్దరు పెళ్లి చేసుకుంటే ప్రతి కాన్పులో నాలుగింట ఒక వంతు రోగం ఉన్న బిడ్డ పుట్టే అవకాశం. మేనరికాలు ఉన్న మనకు ఇది పెళ్లికి ముందే తెలియాలి. హైడ్రాక్సీయూరియా అనే గోలీతో నొప్పి రావడం తగ్గించొచ్చు. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో సికిల్ సెల్ కూడా ఉంది. ఇవన్నీ ఎప్పుడు అందుతాయి? రోగం పేరు కాగితం మీద పడ్డాకే.

అట్లాగని ప్రతి కడుపు నొప్పీ సికిల్ సెల్ అనడం లేదు. గ్యాస్ అనే ముద్ర తీసేసి ఇంకో ముద్ర వేయడానికి ఈ పోస్టు రాయడం లేదు. నెలల తరబడి సన్నగా జ్వరం, బరువు తగ్గడం, ఆకలి చావడం ఉంటే టీబీ చూడాలి. టీబీ అంటే ఊపిరితిత్తులు ఒక్కటే కాదు, పేగులకూ వస్తది. పరీక్ష, మందులు రెండూ ఉచితం. నెలసరితో పాటు ప్రాణం పోయేంత నొప్పి ఉంటే ఎండోమెట్రియోసిస్ కావచ్చు. గర్భసంచి లోపలి పొరలాంటిది బయట పెరిగే రోగం అది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో పిల్లల్ని కనే వయసు ఆడవాళ్లలో దాదాపు 10 శాతం మందికి, అంటే 19 కోట్ల మందికి ఉంది. చాలాసార్లు మామూలు స్కానింగ్‌లో అది కనపడదు. స్కానింగ్ నార్మల్ అంటే ఆ మిషన్‌కు కనపడలేదని అర్థం. నొప్పి లేదని కాదు, మనసులో పుట్టిందని అంతకన్నా కాదు. ఇక "పెళ్లయితే పోతది" అనే పెద్దలకు చేతులెత్తి చెప్తున్నా. పెళ్లి మందు కాదు. నొప్పితో ఉన్న పిల్లను ఇంకో ఇంటికి పంపితే నొప్పి కూడా ఆమెతోనే పోతది, అక్కడ అడిగే దిక్కు కూడా ఉండదు.

అన్నీ చూశాక కూడా కారణం దొరకని నొప్పులు ఉంటాయి. పేగుల కదలికలో, నరాల్లో తేడా వల్ల వచ్చేవి ఉంటాయి. అవీ నిజమైన నొప్పులే, వాటికీ వైద్యం ఉంది. వెతికి దొరకలేదంటే ఒప్పుకుంటాను. వెతకకుండా నార్మల్ అంటే ఎట్లా ఒప్పుకునేది?

ఇప్పుడు అసలు కిటుకు చూడండి. 2023 డిసెంబర్‌లో తెలంగాణలో ఆరోగ్యశ్రీ 10 లక్షలకు పెంచారు. సంతోషం. కానీ ఆరోగ్యశ్రీ నడిచేది చికిత్సల జాబితా మీద. ఫలానా రోగం, ఫలానా ఆపరేషన్ అని తేలితేనే కార్డు పనిచేస్తది. ఆ పేరు వెతుక్కుంటూ తిరిగే బస్సు చార్జీలు, ఓపీ ఫీజులు, బయట తీసే స్కానింగులు, పోయిన కూలి అన్నీ మన జేబులోవే. పేరు దొరికినోడికి 10 లక్షలు, దొరకనోడికి గ్యాస్ గోలీ. తెలంగాణ డయాగ్నొస్టిక్స్ కింద సర్కారు దవాఖానలోనే రక్తం తీసి ఉచితంగా పరీక్ష చేస్తారు గదా అంటారు. నిజమే, మంచి పథకం. కానీ చీటీ మీద గ్యాస్ అని రాశాక రక్తం ఎవరు తీస్తారు? కాలేజీలోనూ అంతే. అటెండెన్స్ 75 శాతం దాటకపోతే స్కాలర్‌షిప్ ఆగుతది. రోగం పేరు ఉన్న కాగితం లేకపోతే నొప్పితో పడుకున్న రోజులన్నీ బద్ధకం కింద లెక్క.

మనకు సరిహద్దు తిప్పలు అదనం. 2014లో పోలవరం కోసం ఏడు మండలాల ఊళ్లను ఆంధ్రలో కలిపారు. భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉంది, దాటగానే ఎటపాక ఆంధ్ర. చింతూరు, కూనవరం, వీఆర్ పురం చుట్టాలు, అటు ఛత్తీస్‌గఢ్ వాళ్లు కూడా రోగం వస్తే భద్రాచలమే వస్తారు. కార్డు ఒక రాష్ట్రానిది, దవాఖాన ఇంకో రాష్ట్రానిది. ప్రతి చోటా కథ మొదటి నుంచి చెప్పుకోవాలి. తెలుగు సరిగ్గా రాని కోయ అవ్వ "ఈడ నొప్పి" అని చెయ్యి పెట్టి చూపిస్తే ఏం రాస్తారో మీకు తెలుసు.

"డాక్టర్లు తక్కువ, ఓపీలో వందల మంది, వాళ్లేం చేస్తారు" అని కొందరు అంటారు. నిజమే, రాత్రీ పగలూ కష్టపడే డాక్టర్లు, సిస్టర్లు, ఆశా అక్కలు ఉన్నారు. నా కొట్లాట వాళ్లతో కాదు. డాక్టర్ పోస్టు ఖాళీగా పెట్టినోళ్లను అడుగుదాం. కానీ రద్దీ ఉంటే "మళ్లీ వారం రా, ఈ పరీక్ష చేయించుకుని రా" అని రాయొచ్చు. గ్యాస్ అని రాయడానికి పట్టే టైమే దానికీ పడతది. "మన చెట్ల మందులు లేవా" అనేటోళ్లూ ఉన్నారు. పసరు నేనూ తాగాను, పెద్దల మీద గౌరవం ఉంది. రోగం ఏదో తేల్చుకోవడానికి మాత్రం రక్త పరీక్ష కావాలి. రెంటికీ గొడవ పెట్టొద్దు.

ఇక చేయాల్సింది.

ఒకటి. ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకోండి. నొప్పి వచ్చిన తారీఖు, టైము, ఎక్కడ, ఎంతసేపు, ఏం తిన్నారు, నెలసరి తారీఖు, జ్వరం, వాంతులు, వేసుకున్న గోలీ పేరు, బరువు. రెండు నిమిషాల ఓపీలో ఆ పేజీ ముందు పెట్టండి.

రెండు. డాక్టర్‌ను మర్యాదగా అడగండి. "సార్, ఏం రోగం అనుకుంటున్నారు? ఇంకేం కావచ్చు? ఈ మందుతో తగ్గకపోతే ఎప్పుడు రావాలి? సికిల్ సెల్ పరీక్ష రాస్తారా?"

మూడు. ప్రతి చీటీ, ప్రతి రిపోర్టు ఒక ఫైల్‌లో దాచండి, ఫోన్‌లో ఫొటో తీసి పెట్టండి. అడ్మిట్ అయినోళ్ల రికార్డు 3 ఏళ్లు దాచాలని, అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని డాక్టర్ల మీద 2002 నుంచి నిబంధన ఉంది. ఏ రాష్ట్రం దవాఖానకు పోయినా మీ ఫైల్ మీతో వస్తది.

నాలుగు. రక్తపు వాంతి, నల్లటి విరేచనం, కళ్లు పచ్చబడడం, కడుపు రాయిలా గట్టిపడడం, జ్వరంతో ఆగని నొప్పి, గర్భిణికి నొప్పి, వీటికి నోట్‌బుక్ వద్దు, ఉదయం దాకా ఆగొద్దు. 108కి ఫోన్ చేయండి.

ఐదు. ఇది అందరం కలిసి చేసేది. ప్రతి ఆశ్రమ పాఠశాలలో, హాస్టల్లో చేరేటప్పుడే సికిల్ సెల్, హిమోగ్లోబిన్ పరీక్ష చేసి రిపోర్టు పిల్లల చేతికి ఇవ్వాలి. నొప్పి అన్న పిల్ల పేరు రిజిస్టర్‌లో రాయాలి. మూడోసారి అదే నొప్పి వస్తే గోలీ ఇచ్చి ఊరుకోకుండా పెద్ద దవాఖానకు పంపాలి. నాటకం అన్న మాట ఏ వార్డెన్ నోటా రావొద్దు. ఈ నాలుగు ముక్కలు ఒక అర్జీగా రాసి భద్రాచలం ఐటీడీఏలో సోమవారం గిరిజన దర్బార్‌లో ఇద్దాం. అర్జీ నేను రాస్తాను. సంతకాలు మీరు పెట్టండి, మీ హాస్టల్ నుంచి ఇద్దరు రండి.

నా నొప్పికి ఈ రోజుకీ పేరు దొరకలేదు. సికిల్ సెల్ పరీక్ష రాయించుకున్నాను, రిపోర్టు రావాలి. అది కాదని తేలితే తర్వాతది అడుగుతాను. తేలే దాకా తిరుగుతాను. జల్, జంగల్, జమీన్ మనవే అని ర్యాలీల్లో అరుస్తాం గదా, అరిచే ఈ ఒళ్లు కూడా మనదే. దాని లోపల ఏం జరుగుతుందో మనకు చెప్పి తీరాలి.

జై ఆదివాసీ.