చెరువుకు ఎగువా దిగువా

కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు శాసనం 1369 నాటిది. విజయనగర ప్రభువు మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు వెయ్యిమంది కూలీలతో, వంద బండ్లతో రెండేళ్లపాటు పని చేయించి ఆ చెరువును కట్టించాడు. ఆ సంస్కృత శాసనం మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలనూ, ఉండకూడని ఆరు దోషాలనూ వరుసగా చెబుతుంది. కట్టలోంచి నీరు ఊరడం, చవుడు నేల, రెండు రాజ్యాల సరిహద్దు, నడుమ మిట్ట అన్నవి నాలుగు దోషాలు. మిగిలిన రెండూ నీటికీ పొలానికీ పొత్తు కుదరకపోవడం గురించినవి: నీరు తక్కువై సాగుభూమి ఎక్కువ కావడం, భూమి తక్కువై నీరు ఎక్కువ కావడం. చెరువును దాని కింద పారే పొలంతో కలిపే కొలవాలన్నది అప్పటికే స్థిరపడిన శాస్త్రం. ఇప్పటి చెరువుల పథకాలు ఎక్కువగా తప్పుతున్నది ఇక్కడే.

తెలంగాణ, రాయలసీమల్లో అధికభాగం గట్టి రాతినేల. నేల అడుగున నీరు నిలిచే చోటు తక్కువ. అనంతపురంలో సగటున ఏడాదికి కురిసేది 550 మిల్లీమీటర్ల దరిదాపు. అందులోనూ ఎక్కువ భాగం కొద్దిపాటి భారీ వానల్లోనే పడిపోతుంది. ఎండకు ఆవిరి కాగల నీరు దానికి మూడు రెట్లకు పైమాటే. అందుకే ఒకే పెద్ద చెరువు మీద ఆధారపడకుండా గొలుసుకట్టు ఏర్పడింది. పై చెరువు మత్తడి దూకితే ఆ నీరు కింది చెరువుకు చేరుతుంది. రాయలసీమలో ఈ మత్తడినే మరువ అంటారు. పాకాల, రామప్ప, లక్నవరం వంటి కాకతీయుల నాటి పెద్ద చెరువులు నేటికీ పొలాలకు నీరిస్తున్నాయి.

చెరువు నిండాలంటే పైనుంచి నీరు రావాలి. ఇది చెప్పనక్కర్లేని మాటలా కనిపిస్తుంది గానీ, ఆచరణలో ముందుగా మరిచేది దీన్నే. వాటర్‌షెడ్ పథకాల కింద వాలులో కట్టిన గట్లు, చెక్‌డ్యాములు, తవ్విన కుంటలు ఎగువ రైతుకు మేలు చేస్తాయి. అయితే అవి ఆపిన నీరు కింది చెరువుకు చేరదు. 2000ల తొలినాళ్లలో కళ్యాణదుర్గం, డోన్ ప్రాంతాల్లో జరిగిన నీటి ఆడిట్ ఈ సంగతినే ఎత్తిచూపింది. మామూలు సంవత్సరంలో ఈ నష్టం అంతగా తెలియదు. కరువు ఏడాది మాత్రం చెరువులోకి చుక్క రాదు. వాగులోని ప్రతి చెక్‌డ్యాం వల్లా కింద ఎవరి వాటా తగ్గుతుందో లెక్క వేయకుండా అనుమతివ్వడం నీటి సంరక్షణ కాదు. అది ఒకరి నీటిని ఇంకొకరికి మార్చడమే. వాగు పోరంబోకు ఆక్రమణలు, చెరువుకు నీరు తెచ్చే కాలువలు పూడిపోవడం ఈ కష్టాన్ని ఇంకా పెంచాయి.

పూడికతీత అందరి కళ్లకూ కనిపించే పని. తెలంగాణ 2015 మార్చిలో మొదలుపెట్టిన మిషన్ కాకతీయ 46 వేలకు పైగా చెరువులను, కుంటలను లక్ష్యంగా పెట్టుకుంది. ప్రభుత్వం తవ్విస్తే రైతులు తమ ఖర్చుతో ట్రాక్టర్లలో మట్టి తోలుకున్నారు. బంకమన్ను ఎక్కువగా ఉండే ఆ ఒండ్రు ఎర్ర ఇసుక నేలల్లో తేమను ఎక్కువ రోజులు పట్టి ఉంచుతుంది, ఎరువుల ఖర్చునూ తగ్గిస్తుంది. నల్లరేగడికి దానివల్ల లాభం అంతగా ఉండదు. కట్ట పాదానికి దగ్గరగా తవ్వితే కట్టే బలహీనపడుతుంది. అడుగున నీటిని ఆపే బంకపొర దాకా తవ్వేస్తే చెరువు ఇంకుడు గుంతగా మారుతుంది.

ఆ మార్పు అన్నిచోట్లా చెడ్డదేమీ కాదు. తూము మూసేసి, నీటిని భూమిలోకి ఇంకనిచ్చి, ఆయకట్టు బావుల నుంచి తోడుకోవడమే మేలని తేల్చుకున్న ఊళ్లు రాయలసీమలో ఉన్నాయి. ఆవిరి నష్టం తగ్గుతుంది, పశువులకు నీరు మిగులుతుంది. కానీ బావిగానీ బోరుగానీ లేని చిన్న రైతు, తూము నీటి మీదే బతికేవాడు, ఆ తీర్మానంతో ఎండిపోతాడు. అతనికి పంచే ఏర్పాటు లేకుండా తూము మూయడం అన్యాయం.

పంట లెక్క ఇంకా సూటిగా ఉంటుంది. వరికి సుమారు 1200 మిల్లీమీటర్ల నీరు కావాలి, అంటే హెక్టారుకు 12,000 ఘనపు మీటర్లు. వేరుశనగకు అందులో సగంకన్నా తక్కువే చాలు. లక్ష ఘనపు మీటర్లు పొలానికి అందితే వరి 8 హెక్టార్లు పండుతుంది, వేరుశనగ 20 హెక్టార్ల దాకా పండుతుంది. నీరు తక్కువైన యాసంగిలో ఎంత భూమికి ఇవ్వాలో ముందే తేల్చుకునే తైబందీ పద్ధతి తెలంగాణలో ఉండేది. తూములెత్తి మడిమడికీ నీరు పెట్టేందుకు నీరటి ఉండేవాడు. రాయలసీమలో చెరువుల మరమ్మతు భారం మోసేవారికి దశబంధ ఇనాములు ఉండేవి. ఇనాములు పోయాయి, నీరటి పని చాలాచోట్ల మాయమైంది. ఎవరి పంపు బలమైనదైతే వారిదే నీరు అన్నట్టు బోర్లు పెరిగాయి.

1997 నాటి చట్టం చెరువు ఆయకట్టుదారులతో నీటి వినియోగదారుల సంఘాలను ఏర్పరచింది. ఎగువ పరీవాహకంలోని రైతుకుగానీ, ఆయకట్టు బయట బోరున్న రైతుకుగానీ వాటిలో ఓటు లేదు. అయితే కరువు జిల్లాల్లో రైతులే వాననూ బావుల మట్టాలనూ కొలిచి పంటల నీటి బడ్జెట్ వేసుకోవచ్చని 2000లలో ఏడు జిల్లాల్లో నడిచిన భూగర్భజల పథకం చూపింది. ఆ కొలతలు చెరువుకూ విస్తరించాలి. సంఘం ఒక్క చెరువుకు కాక మొత్తం గొలుసుకు ఉండాలి, ఎగువ రైతుకూ బోరు రైతుకూ అందులో చోటుండాలి. వానాకాలం ముగిసే నాటికి చెరువులో ఎన్ని అడుగుల నీరుందో, బావుల్లో ఎంత మిగిలిందో చదివి, యాసంగిలో ఎన్ని ఎకరాల్లో వరి వేయాలో, ఎన్ని ఎకరాల్లో ఆరుతడి పంటలు వేయాలో విత్తనం కొనకముందే తీర్మానించాలి.