కరవు ట్రోఫీలకా, మైదానాలకా?

నిజామాబాద్‌లోనైనా బోధన్‌లోనైనా, సాయంత్రం వేళ టీ కొట్ల దగ్గర యువకుల మాటలు వింటే క్రికెట్టుతో పాటు ఇప్పుడు ఫుట్‌బాల్ కూడా చెవిన పడుతోంది. ఏ జట్టు ఎన్నేళ్లుగా ట్రోఫీ గెలవలేదు, ఎవరు వెళ్లిపోవడంతో ఏ జట్టు కుప్పకూలింది, మెస్సీ గొప్పా రొనాల్డో గొప్పా అన్న వాదనలకు అంతుండదు. అభిమానం తప్పు కాదు. అది మనసుకు ఆటవిడుపు, నలుగురినీ కలిపే బంధం. అయితే వైద్యుడిగా ఈ విషయంలో కొన్ని మాటలు చెప్పవలసి ఉంది.

మొదట ఆ వాదన సంగతే చూద్దాం. ఇంగ్లండుకు చెందిన టాటెన్‌హామ్ జట్టు 2008 తర్వాత 17 ఏళ్లకు, 2025 మే నెలలో యూరోపా లీగ్ గెలిచింది. అదే సీజన్‌లో 20 జట్ల దేశీయ లీగులో 17వ స్థానంతో సరిపెట్టుకుంది. మన హైదరాబాద్ ఎఫ్‌సీ 2022 మార్చిలో గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ విజేతగా నిలిచింది. రెండేళ్లు తిరగకముందే, 2023-24 సీజన్‌లో 22 మ్యాచ్‌లలో ఒక్కటే గెలిచి అట్టడుగుకు చేరింది. జీతాలు అందక ఆటగాళ్లు వెళ్లిపోయారు. 2025లో ఆ జట్టే ఢిల్లీకి తరలిపోయింది. జ్వరం రోగం కాదు, రోగలక్షణం. స్టార్ ఆటగాడు వెళ్లిపోవడమూ అటువంటిదే. అసలు రోగం నిర్వహణలో ఉంటుంది.

ఇక ఈస్ట్ బెంగాల్. 2003-04 తర్వాత జాతీయ లీగ్ టైటిల్ కోసం ఆ క్లబ్బు అభిమానులు 21 ఏళ్లు ఎదురుచూశారు. 2025లో ఆ నిరీక్షణకు తెరదించినది మహిళల జట్టు. టైటిల్‌ను ఖాయం చేసిన మ్యాచ్‌లో ఒడిశాపై ఏకైక గోల్ కొట్టినది గుగులోత్ సౌమ్య, మన నిజామాబాద్ జిల్లా బిడ్డ. ఆ సీజన్‌కు దేశంలో ఉత్తమ క్రీడాకారిణి పురస్కారమూ ఆమెనే వరించింది. రొనాల్డో గోల్స్ లెక్క కంఠస్థం చేసిన మన యువకులలో ఈ సంగతి ఎంతమందికి తెలుసు?

ఇప్పుడు ఆరోగ్యం విషయానికి వద్దాం. 2006 ప్రపంచకప్ సమయంలో మ్యూనిక్ నగరంలో జరిపిన పరిశోధనలో, జర్మనీ ఆడిన రోజులలో గుండె సంబంధిత అత్యవసర కేసులు మామూలు రోజులకంటే 2.66 రెట్లు నమోదయ్యాయి. అంతకుముందే గుండెజబ్బు ఉన్నవారికి ముప్పు ఇంకా ఎక్కువగా కనిపించింది. ఉద్వేగం పెరిగినప్పుడు అడ్రినలిన్ ఎగసి రక్తపోటు, నాడి వేగం పెరుగుతాయి. దానికి సిగరెట్టు, మద్యం, ఉప్పు దట్టించిన చిరుతిళ్లు, నిద్రలేమి తోడైతే గుండెకు మోయలేని భారమే. యూరప్ మ్యాచ్‌లు కొన్ని మనకు అర్ధరాత్రి దాటాక మొదలవుతాయి. తెల్లవారి డ్యూటీకి వెళ్లవలసినవారు మరునాడు ముఖ్యాంశాలు చూస్తే చాలు. బీపీ, షుగర్ మాత్రలు ఆట ధ్యాసలో మానవద్దు. ఛాతీలో నొప్పి, చెమటలు, ఎడమ చేతిలో లాగుడు అనిపిస్తే ఆట ముగిసేదాకా ఆగవద్దు. వెంటనే 108కు ఫోన్ చేయండి. పందేల జోలికి అసలే పోవద్దు. అవి జేబునూ నిద్రనూ ఒకేసారి దోచుకుంటాయి.

ఎదురుచూపు బోధన్ ప్రాంతానికి కొత్త కాదు. 2015 డిసెంబరులో మూతపడిన చక్కెర కర్మాగారం కోసం చెరకు రైతులు, కార్మికులు పడ్డ నిరీక్షణ ముందు ఏ క్లబ్బు ట్రోఫీల కరవైనా చిన్నదే. కర్మాగారం తాళం తీయడం అభిమానుల చేతిలో లేదు, లండన్ జట్టును గెలిపించడమూ లేదు. చేతిలో ఉన్నది ఒక్కటే: మన పిల్లలను మైదానానికి పంపడం, మనమూ వెళ్లడం. 5 నుంచి 17 ఏళ్లవారికి రోజుకు సగటున 60 నిమిషాలు, పెద్దలకు వారానికి కనీసం 150 నిమిషాల శారీరక శ్రమ అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది. బడి మైదానం సాయంత్రం తెరిచి ఉంచమని పంచాయతీని, ప్రధానోపాధ్యాయుడిని అడగండి. ఆడపిల్లలకూ ఒక బంతి కొనివ్వండి. సౌమ్య కూడా ఇటువంటి మట్టి మీదనే ఎదిగింది. ఆటను కళ్లతో చూసేవారికంటే కాళ్లతో ఆడేవారు పెరిగిన ఊరిలో వైద్యుడికి పని తగ్గుతుంది. వైద్యులకు అంతకంటే కావలసిన ట్రోఫీ లేదు.