మా భాంజా విమానం కొంటానంటే...



ఇంటి హిసాబ్, పిల్లల చదువులు, పెళ్లి ఖర్చుల గురించి రాసుకునే నేను ఈసారి విమానం కొనడం గురించి రాస్తున్నానంటే మీకు నవ్వు రావచ్చు. నాకూ ముందు నవ్వే వచ్చింది. తర్వాత గుస్సా వచ్చింది. ఆ తర్వాత కూర్చుని ఆలోచించక తప్పలేదు.

అసర్ నమాజ్ అయ్యాక మా ఆపా ఫోన్ పట్టుకుని ఇంటికొచ్చింది. మాదీ ఆమెదీ శ్రీకూర్మంలో పక్క పక్క వీధులే. "తమ్ముడూ, ఈడికి ఏటైందో నువ్వే అడుగు. టెక్సాస్‌లో విమానం కొంటాడంట. అదీ కొత్తది కాదంట, ఈడు పుట్టకముందుదంట!" అని ఫోన్ నా చేతిలో పెట్టింది. అవతల మా భాంజా. "మామూ, నలుగురం కలిసి కొంటున్నాం. 1976 సెస్నా 172. అడుగుతున్నది 70 వేల డాలర్లు. నా వాటా నాలుగో వంతే" అన్నాడు.

నా నోట వచ్చిన మొదటి మాట "ఇస్రాఫ్". దుబారా. మా ఆపా ఇంటి వంటగది కప్పు వానకి కారుతోంది. బకెట్ పెట్టి వండుకుంటోంది. కప్పు వేయిస్తానని వీడు మాటిచ్చి రెండేళ్లయింది. ఆ మాటే గట్టిగా అన్నాను. వాడు కాసేపు చప్పుడు చేయలేదు. "కప్పు డబ్బులు ముందు పంపుతాను మామూ. ఆ తర్వాత మాట్లాడదామా?" అన్నాడు. వారంలో పంపాడు కూడా. ఇక నేను మాట్లాడక తప్పలేదు. మాట్లాడాలంటే ముందు తెలుసుకోవాలి కదా.

నా మొదటి శక్ వయసు మీదే. యాభై ఏళ్ల విమానంలో ఎవరైనా ఎక్కుతారా? ఎక్కుతారు. సెస్నా 172 మొదట ఎగిరింది 1955లో. ఇప్పటిదాకా 44 వేలకు పైగా తయారయ్యాయి. 1986లో తయారీ ఆపేసి, పదేళ్ల తర్వాత మళ్లీ మొదలుపెట్టారు. దాని తమ్ముడిలాంటి సెస్నా 152ని 1985 తర్వాత చేయనేలేదు. అంటే ఇవాళ ఏ శిక్షణ సంస్థలో 152 కనిపించినా దానికి నలభై ఏళ్లు దాటినట్టే. హైదరాబాద్ బేకరీ కార్మికుడి బేటీ సయ్యదా సల్వా ఫాతిమా పైలట్ అయిందని మనమంతా ఖుషీగా చెప్పుకుంటాం. ఆ అమ్మాయి విద్య నేర్చుకున్నదీ ఇలాంటి బుల్లి సెస్నాల మీదే. 1932లో కరాచీ నుంచి బొంబాయికి టపా విమానం నడిపిన జె.ఆర్.డి. టాటా, సరిగ్గా యాభై ఏళ్ల తర్వాత, 1982లో అదే దారిలో మళ్లీ ఎగిరారు. అప్పటికి ఆయనకి 78 ఏళ్లు. ఆయన ఎక్కిన లెపర్డ్ మాత్ విమానం 1930ల నాటిది. ఇద్దరూ క్షేమంగా దిగారు.

కాబట్టి వయసు ఐబ్ కాదు. చూసుకునేవాడు లేకపోవడమే ఐబ్. మా శ్రీకాకుళం జామియా మసీదునే చూడండి. పదిహేడో శతాబ్దంలో షేర్ మహమ్మద్ ఖాన్ కట్టించాడు. ఇవాళ మనం అందులో సజ్దా చేస్తున్నామంటే, తరతరాలుగా ఎవరో ఒకరు సున్నం కొట్టి, పగుళ్లు పూడ్చి, కప్పు చూసుకున్నారు కాబట్టే.

మా అబ్బా ఆయిల్ ఇంజన్ మెకానిక్. పొలాలకు నీళ్లు తోడే ఇంజన్లు, ఆ తర్వాత తీరంలో బోట్ల ఇంజన్లు బాగుచేసేవారు. ఆయన ఒక మాట అనేవారు: "నడిచే ఇంజన్ చెప్పి పాడవుతుంది, పడుకున్న ఇంజన్ చెప్పకుండా పాడవుతుంది." ఎండాకాలమంతా మూల పెట్టిన ఇంజన్‌ని తొలకరికి స్టార్ట్ చేయబోతే బిగుసుకుపోయి ఉండేది. రైతు మాత్రం "మేస్త్రీ, అసలు వాడనే లేదు, ఎలా పాడైంది?" అని అడిగేవాడు. వాడకపోవడం వల్లే పాడైందని నమ్మించడానికి అబ్బాకి అరగంట పట్టేది.

ఈ మాట మా భాంజాకి ఎందుకు చెప్పానంటే, వాళ్లు చూసిన విమానం "తక్కువ గంటలు తిరిగింది" అని అమ్మేవాడు గొప్పగా చెప్పాడు. తొమ్మిదేళ్లలో అరవై గంటలే. సముద్రం ఒడ్డున ఉన్న ఊళ్లో, షెడ్డు లేకుండా, తాళ్లతో నేలకి కట్టి ఉంచారట. నేను అడిగాను: "బేటా, నువ్వు పెరిగింది ఎక్కడ? మన వీధిలో సైకిల్ చైన్ ఎన్నాళ్లుండేది?" వాడికి వెంటనే వెలిగింది. ఉప్పు గాలి సంగతి మన తీరంలో పుట్టినవాడికి ఎవరూ నేర్పక్కర్లేదు.

ఆ విమానాల్లో ఉండే లైకమింగ్ ఇంజన్‌లో క్యామ్‌షాఫ్ట్ పై భాగంలో ఉంటుంది. ఇంజన్ నెలల తరబడి ఆగిపోతే నూనె కిందికి జారిపోతుంది, క్యామ్ ఎండిపోతుంది, తేమకి తుప్పు పడుతుంది. మళ్లీ నడిపినప్పుడు ఆ గరుకు రాపిడికి లోహం పొడిగా రాలుతుంది. బయటికి రంగు తళతళలాడుతూనే ఉంటుంది.

కొనకముందు పరీక్ష చేయించమన్నాను. మెకానిక్‌ని అమ్మేవాడు కాదు, కొనేవాడే పెట్టుకోవాలి. ఆ విమానాన్ని అంతకుముందు ఎన్నడూ ముట్టనివాడైతే మరీ మంచిది. ఆయిల్ ఫిల్టర్ కోసి చూస్తే మడతల్లో లోహపు రజను మెరిసింది. ఒక సిలిండర్ విప్పితే క్యామ్ మీద గుంటలు. రెక్క లోపలి దూలం దగ్గర తెల్లటి పొడి, అల్యూమినియం తుప్పు. పరీక్షకి 1,500 డాలర్లయింది. నలుగురూ దండం పెట్టి తిరిగొచ్చేశారు.

"కొననిదానికి లక్ష రూపాయల పైన పోసొచ్చాడా!" అని ఆపా నెత్తి కొట్టుకుంది. ఆపా, ఆ మొత్తం షౌక్‌లో నాకు అన్నిటికన్నా హలాల్‌గా కనిపించిన ఖర్చు అదే. వద్దని చెప్పగలిగే ఇల్మ్‌ని ఆ డబ్బుతో కొన్నాడు నీ కొడుకు. మన దగ్గర పాత కారు కొన్నా, పాత ఇల్లు కొన్నా, సంబంధం ఖాయం చేసుకున్నా అడగడానికి మొహమాటపడి, తర్వాత ఇరవై ఏళ్లు ఏడుస్తాం.

ఇక అసలు లెక్క. విమానం ధర అనేది గేటు దగ్గర కొనే టికెట్ లాంటిది. తమాషా ఖర్చు లోపల ఉంటుంది. గంటకి సుమారు ముప్పై లీటర్ల పెట్రోలు తాగుతుంది. అదీ మామూలు బంకు పెట్రోలు కాదు, ఏవ్‌గ్యాస్ అనే వేరే రకం. మన దేశానికి 2022 దాకా దిగుమతే దిక్కు. ఆ ఏడాది ఇండియన్ ఆయిల్ వాళ్లు వడోదరలో తయారీ మొదలుపెట్టారు. షెడ్డు అద్దె, బీమా సరేసరి. అమెరికా కానూన్ ప్రకారం పన్నెండు నెలలకోసారి విమానం మొత్తం విప్పి చూసి, అధికారమున్న మెకానిక్ సంతకం చేయాలి. సంతకం లేకపోతే ఎగరకూడదు. ఆ తనిఖీలో ఏం బయటపడుతుందో అల్లాకే తెలుసు. 2,000 గంటలకో పన్నెండేళ్లకో ఇంజన్ పూర్తిగా విప్పి కట్టించమని తయారీదారు సలహా. దానికి ముప్పై వేల డాలర్ల పైమాటే. సొంతానికి వాడుకునేవాడిని ఆ గడువు కానూన్ బలవంతం చేయదు. అక్కడే మనిషి నీయత్ బయటపడుతుంది.

అందుకే వాళ్లకి నేను చెప్పిన మష్వరా ఇది: ఎగిరిన ప్రతి గంటకీ ఇంత అని రేపటి ఇంజన్ కోసం పక్కన పెట్టండి. ఆ పైసలు ముట్టకండి. అలా పెట్టలేకపోతే ఆ విమానం మీ తాహతుకి మించినది, ధర ఎంత తక్కువైనా సరే.

మన కుటుంబాల కోసం కొన్ని సంగతులు విడిగా చెప్పాలి. అమెరికాలో విమానాన్ని సొంత పేరుతో రిజిస్టర్ చేసుకోవాలంటే పౌరుడై ఉండాలి, లేదా గ్రీన్ కార్డు ఉండాలి. మా భాంజాకి కార్డు వచ్చింది. వాళ్లలో ఒకతను ఇంకా వర్క్ వీసా మీదే ఉన్నాడు. "పేరు లేకపోతే ఏం భాయ్, నమ్మకం మీద పోదాం" అన్నాడట. వద్దన్నాను. దోస్తీ వేరు, కాగితం వేరు. సూరా బఖరాలోని 282వ ఆయత్, ఖురాన్ మొత్తంలో అతి పొడవైనది, అప్పు లావాదేవీ రాసిపెట్టుకోవడం గురించే ఉంది. అతన్ని వాటాదారుగా కాకుండా పక్కన ఉంచి, ఇంకొకరిని చేర్చుకున్నారు. అతను కొన్నాళ్లు అలిగాడు. కార్డు వచ్చాక చేరతాడు, ఇన్షా అల్లా.

రెండోది, సూద్. విమానానికి బ్యాంకు అప్పు దొరుకుతుంది. షౌక్ కోసం వడ్డీలోకి దిగడం కన్నా నలుగురి షిర్కత్ మేలు. కానీ షిర్కత్‌కీ ఒక బీమారీ ఉంది. మా మత్స్యలేశం వైపు నలుగురు కలిసి బోటు కొంటే, చేపలు పంచుకునే రోజు నలుగురూ వస్తారు, బోటు అడుగు గీకే రోజు ఒక్కడే వస్తాడు. అందుకని ఎవరు ఎప్పుడు ఎగరాలి అన్నది రాసుకునే ముందు, ఎవరు ఎప్పుడు కడగాలి, ఎవరు నూనె మార్చాలి, ఎవరు పోతే వాటా ఏమవుతుంది అన్నది రాసుకోమన్నాను. అక్కడ పైలట్ అయిన యజమాని నూనె, టైరు మార్చడం, స్పార్క్ ప్లగ్గులు శుభ్రం చేయడం లాంటివి తన చేత్తో చేసుకోవచ్చు, చేసింది లాగ్‌బుక్‌లో రాసి సంతకం పెట్టాలి. మన దేశంలో ఇంత సందు లేదు. లైసెన్సున్న ఇంజనీరు సంతకం కావాలి, పైన డీజీసీఏ ఉంటుంది.

మూడోది, జకాత్. చాలామంది అడిగారు. సొంత వాడకానికున్న వాహనం మీద జకాత్ లేదు. లాభానికి అమ్ముదామని కొంటే మాత్రం అది సరుకు కిందికొస్తుంది. అనుమానముంటే మీ ఆలిమ్‌ని అడగండి.

రెండో విమానం దొరికింది. రంగు వెలిసింది, సీట్లు చిరిగాయి. గంటలు మొదటిదానికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. కానీ లాగ్‌బుక్కులు మొదటి రోజు నుంచీ ఉన్నాయి. ప్రతి ఏడాదీ సంతకం, ఏ భాగం ఎప్పుడు మార్చారో తారీఖుతో సహా. భాంజా ఆ పేజీల ఫోటోలు పంపాడు. రాత్రి ఇషా తర్వాత కూర్చుని చదివాను. విమానం సంగతేమో గానీ, దాన్ని చూసుకున్న మనుషులు కనబడ్డారు. "దీన్ని తీసుకోండి" అన్నాను.

ఇప్పుడు మన వాళ్లలో రెండు రకాల మాటలు వినబడుతున్నాయి. ఒకరు "కౌమ్‌లో ఇంత ముఫ్లిసీ ఉంటే విమానాలా?" అంటారు. ఇంకొకరు రెక్క పక్కన వాడి ఫోటో పెట్టి "మన కుర్రాడు విమానం కొన్నాడు, మాషా అల్లా" అని ఊరంతా పంచుతారు. నాకు రెండూ నచ్చలేదు. మొదటివాళ్లు పెళ్లిలో ఒక్క పూట భోజనాలకి ఇంతకన్నా ఎక్కువ పోసి నోరెత్తరు. రెండోవాళ్లకి కొనడమే కనబడుతుంది. ఏడాదికోసారి చేతులు నల్లగా చేసుకుని కింద పడుకునే భాగం కనబడదు. మా జిల్లా ఎంపీయే పౌర విమానయాన మంత్రి, భోగాపురంలో కొత్త విమానాశ్రయం, ఇలా మా వైపు పిల్లల నోట ఇప్పుడు విమానాల మాటే. వాళ్లలో పైలట్ కావాలనేవాళ్లు వందమంది ఉంటే, మెకానిక్ కావాలనే పిల్లాడు నాకు ఒక్కడూ తగల్లేదు. పిల్లల్ని ఆ వైపు కూడా చూడనివ్వండి. ఆ సంతకం లేనిదే ఏ విమానమూ ఎగరదు.

మొన్న ఈద్‌కి వాడు వేరే ఊళ్లో ఉన్న మా చెల్లెలి కుటుంబం దగ్గరికి ఎగిరి వెళ్లాలనుకున్నాడు. ఫజర్ తర్వాత బయల్దేరితే ఈద్ నమాజ్‌కి అందుకుంటాడు. ఆ ఇంజన్‌కి మాగ్నెటోలు రెండుంటాయి. ఎగిరేముందు ఒక్కొక్కటీ విడిగా పరీక్షిస్తారు. ఒకదాని మీద ఇంజన్ వేగం హద్దుకి మించి పడిపోయింది. రెండోది బాగానే ఉంది, వాతావరణం బాగుంది, అవతల షీర్ ఖుర్మాతో ఎదురుచూస్తున్నారు. వాడు ఇంజన్ ఆపేసి, విమానాన్ని మళ్లీ తాళ్లతో కట్టి, లోపం రాసిపెట్టి, కారులో బయల్దేరాడు. ఒంటెని కట్టి ఆ తర్వాత అల్లా మీద తవక్కుల్ చేయమని మన నబీ చెప్పిన సంగతి మనందరికీ తెలుసు. నమాజ్ అందలేదు. మధ్యాహ్నానికి చేరాడు.

ఆ సాయంత్రం ఆపాకి ఫోన్ చేసి, "అమ్మీ, అంత పెట్టి కొన్నా ఈద్ నాడు పనికిరాలేదు" అని సిగ్గుపడుతూ చెప్పాడట. ఆపా నాకు చెబుతూ కళ్లు తుడుచుకుంది. "ఆగాలని వాడికి తెలిసింది కదరా తమ్ముడూ, నాకదే చాలు" అంది.

నాకూ అదే చాలు. మీ ఇంట్లో ఎవరికైనా ఇలాంటి షౌక్ పుడితే, అది విమానమే కానక్కర్లేదు, పాత బోటైనా, పాత బస్సైనా, డబ్బెంత ఉందని చివర అడగండి. ముందు, చేయాల్సిన బాధ్యతలు తీరాయా, రాసి పెట్టుకుంటావా, వద్దనాల్సిన రోజు వద్దంటావా అని అడగండి. మూడింటికీ హా అంటే దువా చేసి పంపండి.

వస్సలాం.