వెంచర్ మట్టి మీ మడిలోకి రాకముందే ఏ కాగితం అడగాలి?

శక్కర్‌నగర్‌లోని చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడిన తర్వాత బోధన్ చుట్టూ చెరకు తగ్గింది. రోడ్డు పక్క భూములు కొన్ని వరికి, సోయాకు మళ్లాయి, కొన్ని ప్లాట్లయ్యాయి. నిజామాబాద్-బోధన్ రోడ్డు వైపు మీ పొలం ఉంటే, పక్కన జేసీబీ దిగడం మీకు కొత్త కాదు. 2025 ఆగస్టు చివర్లో కామారెడ్డి, మెదక్, నిజామాబాద్ జిల్లాల్లో కురిసిన కుండపోత వానల తర్వాత, పక్క భూమిలో పడిన నీళ్లు ఎటు పోతాయన్నది ప్రతి రైతూ ముందే అడగాల్సిన ప్రశ్న అయింది.

నష్టం రెండు రకాలు

వెంచర్ మీ పొలానికి ఎగువన ఉంటే, పైమట్టి గీకేసిన నేల మీద పడ్డ వాన మొరాన్ని, ఇసుకను మోసుకొచ్చి మీ మడిలో పోస్తుంది, పంట కాలువ పూడుతుంది. వెంచర్ దిగువన ఉంటే, రెండు మూడడుగులు మట్టి పోసి ఎత్తు పెంచడం వల్ల మీ నీళ్లు పోయే ఒర్రె మూసుకుపోతుంది. పసుపు చేనులో నీళ్లు నిలిస్తే దుంపకుళ్లు వస్తుంది. సోయా, మొక్కజొన్న కూడా నీటి ముంపును తట్టుకోలేవు.

'మట్టే కదా, పొలానికి మంచిదే' అనుకోవద్దు. మిషన్ కాకతీయలో మనం తోలుకున్న చెరువు పూడిక వేరు, ఇది వేరు. చెరువు మట్టిలో బంక, సేంద్రియ పదార్థం ఉంటాయి. వెంచర్ నుంచి వచ్చేది లోపలి పొరల మొరం, అందులో సత్తువ ఉండదు. సిమెంటు కడిగిన నీళ్లు కలిస్తే నేలకు క్షారగుణం పెరుగుతుంది.

ఒకే అనుమతి లేదు

అమెరికాలో ఎకరం, అంతకు మించి నేలను కదిపే ఏ నిర్మాణానికైనా 2003 నుంచి వాన నీటి పర్మిట్ ఉండాలి. మట్టి బయటకు పోకుండా ఏం చేస్తారో ముందే రాసివ్వాలి. మన దగ్గర అలాంటి ఒక్క పర్మిట్ లేదు. 2006 నాటి కేంద్ర నోటిఫికేషన్ ప్రకారం పర్యావరణ అనుమతి అవసరమయ్యేది 20,000 చదరపు మీటర్లు, ఆపైన నిర్మిత వైశాల్యం ఉన్న కట్టడాలకు, లేదా 50 హెక్టార్లు, అంటే సుమారు 123 ఎకరాలు దాటిన టౌన్‌షిప్పులకు. అయిదెకరాలు, పదెకరాల ప్లాట్ల వెంచర్ మామూలుగా ఈ లెక్కలోకి రాదు. మన ఊళ్ల పక్కన వచ్చేవి ఎక్కువగా ఇలాంటివే.

అలాగని అడిగే హక్కు లేదని కాదు. బాధ్యత వేర్వేరు కాగితాల్లో ఉంది. ఏ కాగితంలో ఏముందో తెలిస్తే చాలు.

చూడాల్సిన కాగితాలు

1. నాలా మార్పిడి: ఈ మాట దగ్గర చాలామంది పొరపడతారు. ఇక్కడ 'నాలా' అంటే నీటి కాలువ కాదు. వ్యవసాయ భూమిని వ్యవసాయేతర అవసరాలకు మార్చినట్టు 2006 చట్టం కింద రెవెన్యూ శాఖ ఇచ్చే ఉత్తర్వు. అది ఉన్నంత మాత్రాన ఒర్రె పూడ్చే హక్కు రాదు.

2. నీటిపారుదల శాఖ ఎన్‌ఓసీ: పక్కన చెరువు, కాలువ, వాగు ఉంటే ఇది కీలకం. 2012 నాటి భవన నిర్మాణ నిబంధనల (జీవో 168) ప్రకారం 10 హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువు ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్న చెరువు, కుంటల నుంచి 9 మీటర్లు వదలాలి. 10 మీటర్లకు మించి వెడల్పున్న వాగు, కాలువల నుంచి 9 మీటర్లు, అంతకు తక్కువ వెడల్పున్న వాటి నుంచి 2 మీటర్లు వదలాలి. ఊరి చిన్న ఒర్రెకు కూడా కనీసం ఆ 2 మీటర్లు ఉంటాయి.

3. లేఅవుట్ అనుమతి: మీకు ఎక్కువ బలం ఇచ్చేది ఇదే. ముందు తాత్కాలిక అనుమతి ఇస్తారు. రోడ్లు, వాన నీటి కాలువల వంటి పనులు పూర్తయ్యాకే తుది అనుమతి వస్తుంది. అప్పటిదాకా ప్లాట్ల విస్తీర్ణంలో 15 శాతం అధికారుల పేరిట తనఖాలో ఉంటుంది. ఆ తనఖా విడుదల కాకముందే మీ ఫిర్యాదు ఫైలులో చేరాలి. విడుదలయ్యాక యజమాని ప్లాట్లు అమ్ముకుని వెళ్లిపోతాడు, మీరు యాభై మంది కొనుగోలుదారుల చుట్టూ తిరగాల్సి వస్తుంది.

ఏం చేయాలి, ఏ వరుసలో?

మొదట గ్రామ నక్షాలో మీ సర్వే నంబరు పక్కన వాగు, కాలువ గుర్తు ఉందేమో చూసి నకలు తీసుకోండి. నక్షాలో ఉన్న ఒర్రెను 'అక్కడ ఏమీ లేదు' అనడం ఎవరికీ సాధ్యం కాదు.

జూన్ వానలకు ముందే మీ పొలం, కాలువ, గట్లు ఫొటోలు తీయండి. తేదీ కనిపించాలి. నష్టం జరిగాక తీసిన ఫొటో ఒక్కటే ఉంటే, ముందు ఎలా ఉండేదో చూపించలేరు.

అనుమతి కాగితాల నకళ్లు ఇవ్వకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. జిల్లా కార్యాలయంలో రుసుము 10 రూపాయలు, 30 రోజుల్లో జవాబు రావాలి.

ఆ తర్వాత పంచాయతీ కార్యదర్శికి లేదా మున్సిపాలిటీకి, నీటిపారుదల శాఖ ఏఈకి, లేఅవుట్ అనుమతి ఇచ్చిన కార్యాలయానికి ఒకే అర్జీ నకళ్లు ఇచ్చి రసీదు తీసుకోండి. కదలిక లేకపోతే సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణి ఉంది. అందరూ వాడుకునే నీటి దారికి అడ్డం వేస్తే తొలగించమని ఆదేశించే అధికారం భారతీయ నాగరిక సురక్షా సంహిత 152వ సెక్షన్ కింద ఆర్డీవోకు ఉంది. ఒక్కరు వెళ్తే పక్కింటి తగాదాలా కనిపిస్తుంది. ఆ కాలువ కింద పారే నలుగురు రైతులు కలిసి సంతకాలు పెట్టండి.

అర్జీలో 'న్యాయం చేయండి' అని మాత్రమే రాసి వదిలేయవద్దు. ఏం కావాలో అడగండి: ఒర్రె ఉన్నచోట సరిపడా వెడల్పున్న తూము, దిగువ హద్దున మట్టి దిగడానికి గుంత, దాని ముందు ఇసుక బస్తాల వరుస, తవ్విన మట్టి కుప్ప కాలువకు దూరంగా. ఇవేవీ పెద్ద ఖర్చులు కావు. వానలకు ముందు రెండు మూడు రోజుల పని.

మీరే అమ్ముతున్నారా?

పొలంలో కొంత ముక్క అమ్మి మిగతాది సాగు చేసుకునేవారు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. నీళ్లు వచ్చే దారి, పోయే దారి ఎంత వెడల్పున ఎటు ఉందో దస్తావేజులో కొలతలతో రాయించి, స్కెచ్‌లో గీయించండి. నోటిమాటగా ఒప్పుకున్నది, కొన్నవారు మళ్లీ అమ్మేసరికి నిలవదు.

ఈ నెలలోనే మీ పొలం దిగువ హద్దు దాకా ఒకసారి నడిచి, నీళ్లు పోయే దారి తెరిచి ఉందో లేదో చూసుకోండి. మూసి ఉంటే ఈ సోమవారమే అర్జీ ఇవ్వండి.