లాప్‌టాప్ బాగుచేయించే నిర్ణయం నిజంగా ఎవరిది?

సూరత్‌లోని లింబాయత్‌కు వానాకాలం అంటే మిఠీ ఖాడీ. మీద పడే వానకన్నా, ఆ వాగు పొంగి వీధుల్లోకి, ఇళ్లలోకి చొరబడే నీరే అక్కడివారికి ఎక్కువ భయం. వరంగల్, కరీంనగర్, నల్లగొండ ప్రాంతాల నుంచి దశాబ్దాల క్రితం వలస వెళ్లిన తెలుగు నేత కుటుంబాలు పెద్దసంఖ్యలో స్థిరపడిన చోటు ఇది. వారి పిల్లల కోసం సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో బడులు కూడా నడుపుతోంది. ఆ బడి దాటి కళాశాలకు, అక్కడి నుంచి చీరల వ్యాపారుల దగ్గర లెక్కలు రాసే పనికో, ప్రింట్ డిజైన్లు గీసే పనికో చేరుతున్న తరానికి లాప్‌టాప్ విలాస వస్తువు కాదు. తండ్రికి సాంచా ఎలాగో, బిడ్డకు అది అలాగ.

అలాంటి ఒక ఇంట్లో లాప్‌టాప్ నీటిలో తడిసిందనుకుందాం. కొని మూడేళ్లయింది. అప్పటి ధర 42,000 రూపాయలు. కంపెనీ సేవాకేంద్రం యంత్రాన్ని తెరిచి చూసి, మదర్‌బోర్డు మొత్తం మార్చాలంటుంది. 24,000 అవుతుందంటుంది. వారంటీ ఎప్పుడో ముగిసింది. ముగియకపోయినా నీటితో జరిగిన నష్టం సాధారణంగా దాని పరిధిలోకి రాదు. పక్క వీధిలో చిప్ లెవెల్ పని చేసే కుర్రాడు మాత్రం, బోర్డులో కాలిపోయిన చిన్న భాగం ఒక్కటి మారిస్తే సరిపోవచ్చనీ, ఆ భాగం దొరికితే ఐదారు వేలలో తేలిపోతుందనీ చెబుతాడు. దొరికితే అన్న మాట దగ్గర అతడి గొంతు తగ్గుతుంది. ఈలోగా పెద్ద షోరూం వారు పాతది ఇచ్చేస్తే 2,000 తగ్గిస్తామనీ, మిగిలినది నెలనెలా వాయిదాల్లో కట్టుకోవచ్చనీ పిలుస్తారు. అంకెలు ఉదాహరణకు చెప్పినవే అయినా, ఈ మూడు దారుల మధ్య నలిగే కుటుంబాలకు ఈ దేశంలో కొదవ లేదు.

ఇలాంటి వేళ ఇచ్చే సలహా ఒకటి బాగా ప్రచారంలో ఉంది. మరమ్మతు ఖర్చు కొత్తదాని ధరలో సగం దాటితే కొత్తదే కొనమంటారు. వినడానికి లెక్క సరిగానే ఉంటుంది. అయితే ఆ సగం అన్న అంకెను ఎవరు తయారు చేశారన్నది ఎవరూ అడగరు. ఐదు వేలలో తేలే పని 24,000 కావడానికి కారణం నీరు కాదు. కంపెనీ బోర్డును ముక్కగా అమ్మకపోవడం, దాని నిర్మాణ పటాన్ని బయటివారికి ఇవ్వకపోవడం, భాగాన్ని తన అధీకృత కేంద్రం దాటి పోనివ్వకపోవడం అసలు కారణాలు. అమ్మా పెట్టదు, అడుక్కు తినా నివ్వదు అన్న సామెత ఈ వ్యాపారానికి అతికినట్టు సరిపోతుంది. కుటుంబం తాను తీసుకుంటున్నాననుకునే నిర్ణయం కంపెనీ రూపకల్పన గదిలోనే సగం అయిపోయి ఉంటుంది. మిగిలిన సగం ఢిల్లీలో అవుతుంది.

తడిసిన సాంచాతో పోల్చి చూస్తే ఈ సంగతి బాగా అర్థమవుతుంది. పాతకాలపు మరమగ్గం నీటిలో మునిగితే దాన్ని విప్పవచ్చు, తుడవవచ్చు, తుప్పు గీకి నూనె పెట్టి మళ్లీ నడపవచ్చు. విరిగిన భాగాన్ని ఊరిలోని వర్క్‌షాపులోనే పోత పోయించవచ్చు. ఆ భాగం తయారు చేసినవాడిని మగ్గం కంపెనీ కోర్టుకు ఈడ్చదు. భాగం మార్చినందుకు మగ్గం తాళం వేసుకుని కూర్చోదు. సూరత్ పరిశ్రమ నిలిచింది, పెరిగింది ఈ స్వేచ్ఛ మీదే. సిరిసిల్లలోనైనా, షోలాపూర్, భివండీలలోనైనా కథ ఇదే. చేతిలో పెద్ద పెట్టుబడి లేని పద్మశాలి కుటుంబం నాలుగు పాత సాంచాలతో యజమాని కాగలిగిందంటే, వాటిని చవకగా బాగుచేసుకునే వీలు ఉండడం వల్లనే. ఇప్పుడు సూరత్‌లో వాటర్‌జెట్, రేపియర్ మగ్గాలు వచ్చి కూర్చున్నాయి. వాటిలో ఎలక్ట్రానిక్ బోర్డులు ఉన్నాయి. లాప్‌టాప్ యజమానికి నేడు ఎదురవుతున్న చిక్కు రేపు మగ్గం యజమానికి పదింతల ఖరీదుతో ఎదురవుతుంది. అందుచేత దీన్ని మధ్యతరగతి వారి చిన్న విసుగుగా కొట్టిపారేయడం తగదు.

ఢిల్లీ ఏం చేస్తోందో చూద్దాం. 2021 నవంబరులో గ్లాస్గో వాతావరణ సదస్సులో ప్రధాని మోదీ పర్యావరణహిత జీవనశైలి అన్న నినాదాన్ని ప్రపంచం ముందు పెట్టారు. 2022 అక్టోబరు 20న గుజరాత్‌లోని ఏక్తానగర్‌లోనే ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి గుటెరస్ సమక్షంలో దాన్ని మిషన్‌గా ప్రారంభించారు. వాడి పారేయడం మానాలి, ఉన్నదాన్ని జాగ్రత్తగా వాడుకోవాలి అన్నది దాని సారం. అదే ఏడాది జులైలో వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కుపై నిధి ఖరే అధ్యక్షతన ఒక కమిటీని వేసింది. వ్యవసాయ పరికరాలు, మొబైళ్లు, గృహోపకరణాలు, వాహనాలు దాని పరిధి. డిసెంబరు 24న జాతీయ వినియోగదారుల దినోత్సవం నాడు మంత్రి పీయూష్ గోయల్ మరమ్మతు హక్కు పోర్టల్‌ను ప్రారంభించారు. ఇంతవరకూ మెచ్చుకోవలసిందే. అయితే పోర్టల్ సమాచారం ఇస్తుంది, హక్కు ఇవ్వదు. ఏ కంపెనీ ఏ భాగాన్ని ఎన్నేళ్లపాటు, ఏ ధరకు, ఎవరికి అమ్మి తీరాలో చెప్పే చట్టం దేశంలో నేటికీ లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం లోపభూయిష్టమైన వస్తువు గురించి, సేవ గురించి మాట్లాడుతుంది. బాగా పనిచేసి, నీటిలో తడిసి, భాగం దొరకక మూలపడిన వస్తువు గురించి ఆ చట్టాన్ని నమ్ముకుని వినియోగదారుల కమిషన్‌కు వెళ్లేవారికి గట్టి ఆధారం కనిపించదు.

డబ్బు ఎటు పోతోందన్నది ఇంకా స్పష్టమైన సాక్ష్యం. 2023 మేలో కేంద్ర మంత్రివర్గం ఐటీ హార్డ్‌వేర్‌కు ఉత్పత్తి ఆధారిత ప్రోత్సాహకాల రెండో పథకాన్ని 17,000 కోట్ల రూపాయలతో ఆమోదించింది. లాప్‌టాప్‌లు అందులో ముఖ్యమైనవి. పెరిగిన అమ్మకాల మీద ప్రోత్సాహకం వస్తుంది. అంటే కొత్త యంత్రం అమ్ముడైతే ఖజానా సాయం చేస్తుంది. పాత యంత్రానికి ఐదేళ్ల ఆయుష్షు పోసినవాడికి దక్కేది ఏమీ లేదు. అదే ఏడాది ఆగస్టు 3న లాప్‌టాప్‌ల దిగుమతిపై లైసెన్సు నిబంధన ప్రకటించి, గగ్గోలు లేవగానే మరునాడే వాయిదా వేసిన ఉదంతం పాఠకులకు గుర్తుండే ఉంటుంది. అప్పటి చర్చ అంతా కొత్త లాప్‌టాప్‌లు ఎక్కడి నుంచి రావాలన్న దాని చుట్టూనే తిరిగింది. దేశంలో ఇప్పటికే ఉన్న లాప్‌టాప్‌లకు విడిభాగాలు ఎక్కడి నుంచి రావాలన్నది ఆ చర్చలో అంచుకు కూడా రాలేదు. స్వావలంబన అన్న మాటకు మరమ్మతును మించిన అర్థం ఏముంటుంది? చేతిలో ఉన్న వస్తువును మన ఊరి కుర్రాడు బాగుచేస్తే విదేశీ మారకద్రవ్యం మిగులుతుంది, ఊరిలో పని పుడుతుంది. అయినా ఆత్మనిర్భరత ప్రసంగాల్లో కర్మాగారం కనిపించినంతగా సోల్డరింగ్ కడ్డీ కనిపించదు.

అప్పు సంగతి దీనికి తోడు. కొత్త యంత్రానికి వడ్డీ లేని వాయిదాలు సులభంగా దొరుకుతాయి. మరమ్మతుకు మాత్రం మొత్తం రొక్కం ఒకేసారి చెల్లించాలి. వారం వారం కూలి లెక్క చూసుకునే ఇంటికి 6,000 ఒక్కసారి తీయడం కన్నా నెలకు 2,000 చొప్పున రెండేళ్లు కట్టడమే తేలిక. ఖరీదైన దారి పేదవాడికి చవకగా కనబడే ఏర్పాటు ఇది. ఈ సంగతి ఆర్థికవేత్తలకు కొత్త కాదు కానీ, మరమ్మతు హక్కు చర్చల్లో ఎందుకో దీని ప్రస్తావన రాదు.

భౌతికంగా ఏ దెబ్బా తగలని యంత్రాన్ని సైతం చెత్తగా మార్చే మార్గం మరొకటి ఉంది. 2025 అక్టోబరు 14తో మైక్రోసాఫ్ట్ విండోస్ 10కు సాధారణ మద్దతును ముగించింది. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు, నిర్దేశించిన తరాల ప్రాసెసర్ ఉండాలి. పరిమిత కాలానికి భద్రతా నవీకరణలు పొడిగించుకునే వీలు కల్పించినా, నిక్షేపంలా పనిచేస్తున్న పాత లాప్‌టాప్‌లకు గడువు రాసిపెట్టినట్టే అయింది. లినక్స్ వేసుకుని నడుపుకోవచ్చు. చదువుకునే పిల్లలకు అది మంచి దారి కూడా. కానీ వ్యాపారి దగ్గర లెక్కలు రాసేవారు ఆ వ్యాపారి వాడే సాఫ్ట్‌వేర్‌నే వాడక తప్పదు.

కంపెనీల వాదనను కూడా వినవలసిందే. బయట చేయించిన మరమ్మతులో నకిలీ బ్యాటరీలు పడుతున్నాయని, అవి ఉబ్బి మంటలు లేస్తాయని, వినియోగదారుడి ఫొటోలు, పత్రాలు పరాయి చేతుల్లో పడతాయని అవి అంటాయి. ఇవి ఉత్త సాకులు కావు. సరిగా తెలియని చేతుల్లో పడి, ఒక లోపంతో వెళ్లిన యంత్రం మూడు లోపాలతో తిరిగి వచ్చిన అనుభవం చాలామందికి ఉంది. అయితే నకిలీ బ్యాటరీ ఎందుకు రాజ్యమేలుతోంది? అసలు బ్యాటరీని కంపెనీ బహిరంగ మార్కెట్‌లో న్యాయమైన ధరకు అమ్మకపోవడం వల్ల. వంటగ్యాస్ సిలిండర్ ప్రమాదకరమని ప్రభుత్వం దాన్ని ఒక్క దుకాణానికే కట్టిపెట్టలేదు, ప్రమాణాలు పెట్టింది. ఇక్కడా చేయవలసింది అదే.

పైగా ఈ వాదన దేశంలో ఒకసారి ఓడిపోయింది. కార్ల కంపెనీలు విడిభాగాలను, లోపాలు కనిపెట్టే పరికరాలను స్వతంత్ర మెకానిక్‌లకు అందనివ్వడం లేదన్న ఫిర్యాదుపై 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ 14 కంపెనీలకు మొత్తం 2,544 కోట్లకు పైగా జరిమానా విధించింది. భద్రత పేరుతో చేసిన వాదనను అంగీకరించలేదు. జరిమానా తరువాత అప్పీళ్లలో నలిగింది. అది వేరే కథ. కానీ వస్తువు అమ్మిన తరువాత కూడా దాని భాగాల మార్కెట్‌ను గుప్పిట పెట్టుకోవడం పోటీ చట్టానికి విరుద్ధమన్న సూత్రం నమోదైంది. కారుకు వర్తించిన సూత్రం లాప్‌టాప్‌కు ఎందుకు వర్తించదో ఎవరూ చెప్పలేరు. అడిగినవారూ లేరు.

ప్రతి లాప్‌టాప్‌నూ బతికించి తీరాలని దీని అర్థం కాదు. కీబోర్డు, బ్యాటరీ, తెర, కీలు, ఎస్‌ఎస్‌డీ వంటివి పోతే, యంత్రం ఐదారేళ్లదైనా బాగుచేయించడమే మేలు. ఒక లాప్‌టాప్ తన జీవితకాలంలో కలిగించే కాలుష్యంలో అధికభాగం దాని తయారీలోనే జరిగిపోతుంది కనుక, ప్రతి అదనపు ఏడాదీ లాభమే. బోర్డు నీటిలో నాని అనేకచోట్ల తుప్పు పట్టి, ర్యామ్ కూడా దానికే అతికించి ఉంటే ఆశ వదులుకోవలసి రావచ్చు. అప్పుడైనా డిస్కు విడిగా తీసి చూపించుకోవాలి. అమ్మకానికి పెట్టే ముందు అందులోని సమాచారం తుడిచేయాలి. తడిసిన వెంటనే ఛార్జర్ పెట్టి పనిచేస్తోందా అని చూసే తొందరే చాలా బోర్డులను చంపుతుంది.

ఇక పాతదాన్ని 2,000కు తీసుకున్న దుకాణం దాన్ని ఏం చేస్తుంది? 2022లో ప్రపంచవ్యాప్తంగా 6 కోట్ల 20 లక్షల టన్నుల ఎలక్ట్రానిక్ వ్యర్థాలు పోగయ్యాయని, వాటిలో 22.3 శాతమే పద్ధతి ప్రకారం సేకరించి పునర్వినియోగానికి తెచ్చినట్టు నమోదైందని ఐక్యరాజ్యసమితి సంస్థల నివేదిక చెబుతోంది. మనదేశంలో 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఇ-వ్యర్థాల నిబంధనలు కంపెనీలకు పునర్వినియోగ లక్ష్యాలు పెట్టాయి. వాటిని సర్టిఫికెట్ల కొనుగోలుతో నెరవేర్చుకోవచ్చు. నమోదైన పునరుద్ధరణ సంస్థలకు కొంత చోటు కల్పించినా, ఆ నిబంధనల గుండెకాయ తుక్కు బరువే. వీధి చివరి కుర్రాడు చెత్త కాకుండా ఆపిన లాప్‌టాప్ ఏ లెక్కలోనూ చేరదు.

రాజకీయ పక్షాలకు ఇది ఎందుకు పట్టదన్నది ఆలోచించదగిన ప్రశ్న. 2024లో కాంగ్రెస్ అభ్యర్థి నామినేషన్ తిరస్కరణకు గురై, మిగిలినవారు తప్పుకోవడంతో సూరత్ లోక్‌సభ స్థానంలో పోలింగే జరగలేదు. బీజేపీ అభ్యర్థి ముకేశ్ దలాల్ ఏకగ్రీవంగా గెలిచారు. లింబాయత్ నవ్‌సారీ లోక్‌సభ స్థానంలో ఉంది కనుక అక్కడివారు ఓటు వేయగలిగారు. కానీ ఓటు అడగనక్కరలేని చోట ఓటరు కష్టాలు వినవలసిన అవసరం కూడా తగ్గుతుంది. ప్రతిపక్షం చేతిలో ఈ అంశం ఆయుధం కాగలదు. చిన్న వ్యాపారులు, విద్యార్థులు, రైతులు, మెకానిక్‌లు ఇందరు ఒకే గొంతుతో అడగగల డిమాండ్లు ఎక్కువేమీ లేవు. అయినా పార్లమెంటులో దీనిపై నిలబడి పోరాడిన పార్టీ కనబడదు.

ప్రస్తుతానికి ప్రభుత్వం బల్లమీద ఒక అవకాశం ఉంది. మరమ్మతు సూచీని రూపొందించేందుకు 2024లో భరత్ ఖేరా అధ్యక్షతన వేసిన కమిటీ 2025లో నివేదిక ఇచ్చింది. విడదీయడంలో సులువు, మరమ్మతు సమాచారం, విడిభాగాలు సకాలంలో దొరకడం, సాఫ్ట్‌వేర్ నవీకరణలు, పనిముట్లు, బిగింపులు అన్నవి అది ప్రతిపాదించిన కొలమానాలు. వాటి ఆధారంగా వస్తువుకు మార్కులు వేయాలంటుంది. దృష్టి ప్రధానంగా మొబైళ్లు, టాబ్లెట్లపై ఉంది. ఫ్రాన్స్ 2021 జనవరి నుంచే లాప్‌టాప్‌లను కలుపుకుని ఇలాంటి సూచీని అమలు చేస్తోంది. అక్కడ పదికి ఎన్ని మార్కులో ధర పక్కనే చూపాలి. ఆ మార్కుల్లో విడిభాగం ధర ఎంత ఉందన్నది కూడా ఒక అంశం. మన కమిటీ కొలమానాల్లో ధరకు విడిగా చోటు లేదు. భాగం సకాలంలో దొరికి, దాని ధర కొత్త యంత్రంలో సగం దాటితే ఆ కంపెనీకి మంచి మార్కులే పడతాయి, లింబాయత్ కుటుంబం మాత్రం షోరూం వాయిదాల పుస్తకంలోనే సంతకం చేస్తుంది. సూచీని నోటిఫై చేసే ముందు వినియోగదారుల వ్యవహారాల శాఖ రెండు పనులు చేయవలసి ఉంది. లాప్‌టాప్‌ను మొదటి జాబితాలోనే చేర్చాలి. విడిభాగం ధర వస్తువు ధరలో ఎంత శాతమో కొనే రోజునే పెట్టెమీద అచ్చు వేయించాలి.